ఎవరూ పడని వార్డు

ఆసుపత్రి వెనక గేటు పక్కన టీ బంకు ముందు రెండు బల్లలుంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక బల్ల మీద సున్నా బ్రదర్ కూర్చుంటాడు. కింది అంతస్తులో మగవాళ్ళ వార్డుకి పెద్ద నర్సు ఆయనే. ఏడాదిగా ఆ వార్డులో కిందపడ్డ రోగులు సున్నా కాబట్టి ఆయనకి ఆ పేరు నిలిచిపోయింది.

ఆవేళ ఆయనకి ఎదురుగా పై అంతస్తు సిస్టరు కూర్చుంది. ముందురోజు ఆమె వార్డులో ఒక ముసలాయన బాత్రూమ్ గుమ్మం దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇకమీద ఎవరూ పడకుండా ఏం చేయబోతున్నావో ఆలోచించుకుని సాయంత్రం లోపల వచ్చి చెప్పమంది మేట్రన్. పొద్దుటి నుంచి ఆమెకి ఆ ముసలాయన మూలుగు తప్ప వేరే ఏమీ తోచడం లేదు. అందుకే ఇక్కడికొచ్చింది. ఆమె పక్కన డ్యూటీ దిగిన లిఫ్టాయన, బల్ల చివర సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ. ఆవిడ భర్తని ఆ రోజే సున్నా బ్రదర్ వార్డు నుంచి ఇంటికి పంపిస్తున్నారు. బండి కోసం చూస్తోంది.

"విను తల్లీ," అన్నాడు బ్రదర్, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని. "గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ చేతకాదు."

"ఆ సంగతి మాకు తెలీదా," అన్నాడు లిఫ్టాయన.

"నేను వచ్చిన కొత్తలో ఆ వార్డులో జనం పండుటాకుల్లా రాలిపోయేవాళ్ళు. మంచం మీంచి ఒకడు, బాత్రూమ్‌లో ఒకడు, సెలైన్ స్టాండు పట్టుకుని దాంతోపాటే ఇంకొకడు. నేనేం చేశాను? పెద్ద పనేం కాదు. గచ్చు తుడిచే ఆవిణ్ణి పిలిచి, అమ్మా, వార్డంతా ఒకేసారి తడపొద్దు, ముందు ఒక పక్క తుడువు, అది ఆరాక రెండో పక్క తుడువు, నడిచేవాడికి ఎప్పుడూ ఒక పక్క పొడిగా ఉండాలి అన్నాను. అంతే. సగం మంది పడటం మానేశారు."

"ఇది నేనూ చేయొచ్చు," అంది సిస్టరు.

"ఆగు, ఇంకా మొదలే పెట్టలేదు. తర్వాత అందరి చెప్పులూ బీరువాలో పెట్టి తాళం వేశాను. చెప్పుల్లేకుండా చల్లటి గచ్చు మీద కాలు పెట్టాలంటే ఎవడికైనా బద్ధకమే కదా. మంచాలకి రెండు పక్కలా కమ్మీలు ఎత్తించాను. ఒంటేలుకి సీసా మంచం దగ్గరికే, రెండోదానికి పళ్ళెం మంచం మీదికే. ఇంక లేవాల్సిన పనేముంది చెప్పు? లేవనివాడు పడడు. ఇంత చిన్న సంగతి తెల్లకోట్ల పెద్ద డాక్టర్లకి తట్టలేదు."

"అయినా లేస్తే? కమ్మీ దాటి దిగబోతే?"

"నేనున్నానుగా. మంచం కిర్రుమన్న తీరుని బట్టి ఎవరు ఏ కాలు కదిపారో చెప్పేస్తాను. ఒకరోజు పక్క వార్డులో ఎవరికో ఇంజక్షన్ ఇస్తున్నాను, సూది ఇంకా దిగుతూనే ఉంది, మా వార్డులో కిటికీ దగ్గర మంచం కిర్రుమనడం మొదలెట్టింది, అది పూర్తిగా అనేలోపల నేను అక్కడున్నాను. పెద్దాయన గాల్లో ఉన్నాడు. ఒక చేత్తో పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన్ని పట్టుకుందామని పాపం పక్క మంచాయన వంగాడు, ఆయనా జారాడు. రెండో చేత్తో ఆయన్ని పట్టుకున్నాను."

"మరి సిరంజి?" అన్నాడు లిఫ్టాయన.

"పళ్ళ మధ్య. ఇద్దర్నీ పడుకోబెట్టి, దుప్పట్లు కప్పి, వెనక్కి వెళ్ళి మిగతా మందు ఎక్కించాను. సూది తీసిందీ తెలీదు, మళ్ళీ గుచ్చిందీ తెలీదు ఆ పక్క వార్డాయనకి."

"రెండు వార్డుల మధ్యా గోడుంది కదా బ్రదర్," అంది సిస్టరు.

"ఉంది. నేనెప్పుడు వెళ్ళానో దాన్నే అడుగు."

సిస్టరు నవ్వబోయి ఆగింది, ఆయన ముఖంలో నవ్వు లేదు. ఎవరో పోయిన ఇంట్లో మాట్లాడుతున్నంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

"మా ఆయన ఇవేవీ చెప్పలేదే," అంది పెద్దావిడ.

"ఆయన వచ్చేనాటికి నాకు పరిగెత్తే పని తప్పిందమ్మా. వార్డే నేర్చేసుకుంది. నా ప్లాన్ గోడలకీ గచ్చుకీ ఒంటబట్టింది. ఎవరి చేతిలోంచైనా మాత్ర జారిందనుకోండి, గచ్చుకి జానెడు ఎత్తులో ఆగి, ఎవరైనా తీసుకుంటారేమోనని చూసేది. డాక్టరుగారు వంగితే కళ్ళజోడు జారి ముక్కు చివర నిలబడిపోయేది. మిగతా వార్డుల్లో బల్లులు దభాల్న పడతాయి. మా వార్డు బల్లి గోడ పట్టుకుని ఆగి ఆగి దిగుతుంది, కింద ఎవరైనా ఉంటే చెయ్యందిస్తారేమోనని చూస్తుంది. అయితే ఒక్క చిక్కొచ్చింది. ఏమిటో తెలుసా? సెలైన్ బొట్టు కూడా పడటం మానేసింది. సీసా నిండుగా ఉంది, గొట్టం తెరిచే ఉంది, బొట్టు మాత్రం అంచుని పట్టుకుని వేలాడుతోంది, దిగదు. నేనే వెళ్ళి, అమ్మా, నువ్వు పడొచ్చు, నీకు మినహాయింపు అని నచ్చజెబితేగానీ కదల్లేదు."

"వానొస్తే ఎలాగ మరి?" అన్నాడు లిఫ్టాయన.

"వానా? మా కిటికీ ముందు చినుకులు చూరు పట్టుకుని ఒక్కొక్కటే దిగుతాయి. అదంతా ఎందుకు, మొన్న సాయంత్రం పొద్దు వాలలేదు. మీరు గమనించారో లేదో. సూర్యుడు మా పడమటి కిటికీ దాకా వచ్చి అక్కడే ఉండిపోయాడు. కిందికి జారడానికి భయం. మేట్రన్ వచ్చి, బ్రదర్, ఊళ్ళో పిల్లలు నిద్రపోవాలి, దీపాలు పెట్టుకోవాలి, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి అని బతిమాలింది. ఆవిడ మాట తీసెయ్యలేక కిటికీ పక్క మంచానికి కమ్మీ దించాను. అప్పుడు వాలింది పొద్దు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎత్తేశాను, ఎందుకైనా మంచిదని."

లిఫ్టాయన గ్లాసు కింద పెట్టి దండం పెట్టాడు. సిస్టరు మాత్రం ఆ సూర్యుడి దగ్గరికి రానేలేదు. ఆమె మనసు ఇంకా కమ్మీల దగ్గరే ఉంది.

"నేనూ అదే చేస్తాను బ్రదర్. కమ్మీలు ఎత్తేస్తాను. ఎవర్నీ మంచం దిగనివ్వను. మేట్రన్‌కి అదే చెబుతాను. ఇంకొకళ్ళు అలా పడితే నేను చూడలేను."

"ఒక్క మాట చెప్పనా అమ్మా," అంది పెద్దావిడ. గొంతు పెంచలేదు. "బ్రదర్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మా ఆయన ఆ వార్డులో ఒక్కసారి కూడా పడలేదు. ఊపిరాడటం లేదని తీసుకొచ్చాను. గేటు దగ్గర దిగి, నేను మొయ్యలేనని ఈ సంచీ తనే లాక్కుని, ఆయాసపడుతూనే లోపలికి నడిచారు. ఊపిరి బాగైంది, వీళ్ళ పుణ్యమే. పొద్దున బట్టలు మార్చి నిలబెట్టబోతే కాళ్ళు నిలవలేదు. దూదిలాగా వంగిపోయాయి. ఆయన తన కాళ్ళ వంక అలా చూస్తూ ఉండిపోయారు, ఎవరివో అన్నట్టు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. మీ వార్డులో ఎవరూ పడరు బ్రదర్. నిలబడితే కదా పడటానికి."

"అమ్మా, మా వార్డులో..." అన్నాడు బ్రదర్.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు," అంది ఆవిడ. "మాది మేడ మీది వాటా. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన్ని ఎలా లేపాలో చెప్పండి, చాలు."

బ్రదర్ గ్లాసు పక్కన పెట్టాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"గబుక్కున లేపకండి. ముందు మంచం అంచున కాళ్ళు కిందికి పెట్టి కూర్చోబెట్టండి. కళ్ళు తిరుగుతున్నాయేమో అడగండి. తగ్గేదాకా ఆగండి. మీరు ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. చెయ్యి పట్టి లాగొద్దు, నడుం దగ్గర పట్టుకోండి. మొదటిరోజు ఊరికే నిలబడితే చాలు. మర్నాడు కుర్చీ దాకా. అన్నం కుర్చీలో కూర్చునే తినమనండి. బాత్రూమ్‌కి ఆయన అడిగేదాకా చూడకండి, మీరే ముందు అడగండి. ఆపుకుని ఆపుకుని, ఆ కంగారులో లేస్తేనే పడతారు."

"ఇదంతా మీకు తెలుసు కదా బ్రదర్," అంది సిస్టరు. "మరి వార్డులో ఎందుకు చేయలేదు?"

"దీనికి పక్కన మనిషుండాలి తల్లీ. కమ్మీకి ఎవరూ అక్కర్లేదు."

సిస్టరు లేచి చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. "అయితే మేట్రన్ని మనుషుల్నే అడుగుతాను."

"ఇవ్వదు."

"ఇవ్వనని ఆవిడ నోటితోనే అననివ్వండి. నేనొక్కదాన్నే అడిగితే కొత్తదాన్నని పంపించేస్తుంది. మీరూ రండి."

బ్రదర్ లేచాడు. మేట్రన్ గది వైపు కాకుండా పెద్దావిడ దగ్గరికి వెళ్ళి సంచీ అందుకున్నాడు.

"నువ్వు పద తల్లీ. ఈవిడకి చూపిస్తూ ఆయన్ని ఒక్కసారి నిలబెట్టి వస్తాను."