బంగారి పిల్లలకి పాలు మానిపించిన వైనం

గాజువాక దాటి రేవు వైపు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. లోపల బంగారి అనే తల్లిపంది, దాని పిల్లలు. గుమ్మంలో పశువుల డాక్టరు ఉమాశంకర్, పందిని సాకుతున్న సన్యాసమ్మ, ఆమె మొగుడు పోలిరాజు. ముగ్గురిలో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు చెప్పరు, రెండోవాణ్ణి చెప్పనివ్వరు. ఇక డాక్టరుగారి పాట్లు భగవంతుడికెరుక.

“మళ్ళీ అడుగుతున్నానమ్మా. ఏం మార్చారు?”

“ఏటీ మార్చనేదు బాబూ.”

“ఏమీ మార్చకుండానే నాలుగు రోజుల్లో మూడు పిల్లలు చచ్చిపోయాయా?”

“సచ్చిపోనాయి.”

“మిగతా ఎనిమిదింటికీ విరేచనాలు.”

“ఔను బాబూ. తెల్లగా, పల్చగా, కుడితినీళ్ళ నాగ.”

“కానీ ఏమీ మార్చలేదు.”

“నేదు.”

“పోలిరాజు గారూ, మీరైనా చెప్పండి.”

“నాను సెప్పేదేటంటే సార్...”

“ఆయనకేటి తెల్సు బాబూ! తెల్లారగట్ట బోటెక్కితే పొద్దోయాకే దిగుతాడు. సముద్రంలో పందులున్నాయేటి?”

“అది కాదే సన్యాసీ, ఆ రోజు...”

“నువ్వు నోర్ముయ్ మావా.”

“మూసుకున్నాను.”

“చూడండమ్మా, నేనేం పోలీసుని కాదు. ఇదిగో, మీ ఆడవాళ్ళ గ్రూపు వాళ్ళిచ్చిన కాగితం. చచ్చినవెన్ని అని ఒక గడి, ఎందుకు చచ్చాయి అని ఇంకో గడి. రెండూ నేను నింపాలి.”

“తెల్సు బాబూ. రెణ్ణెల్ల నాటికి ఎనిమిది పిల్లలు బతికుంటే గ్రూపోళ్ళిచ్చిన ఈ బంగారి నాది. నేపోతే గ్రూపులో ఇంకా పంది రాని కాసులమ్మ ఇంటికి తోలుకెల్లిపోతారు.”

“ఇప్పుడు సరిగ్గా ఎనిమిదే ఉన్నాయి.”

“ఎనిమిదే. అందులో ఆ నల్లమూతిది నిన్నట్నించి నెగట్నేదు, పడుకునే ఉన్నాది.”

“ఇంకొకటి పోయినా పంది పోతుంది. తప్పు సాకినవాళ్ళదే అని నేను రాసినా పోతుంది. అందుకే నిజం చెప్పమంటున్నాను. ఏం జరిగిందో తెలిస్తేనే కదండీ మందు?”

“అడగండి బాబూ. దేనికైనా సెప్తాను.”

“వీటికెన్నాళ్ళు?”

“నెల దాటి నాలుగు రోజులు.”

“తల్లిపాలు తాగుతున్నాయా?”

“తల్లి బాగానే తింటాంది బాబూ.”

“నేనడిగింది పిల్లల గురించి.”

“మానీసినాయి.”

“మానేశాయా? వాటంతటవే?”

“వాటంతటవే. బుద్ధి తెల్సిన పిల్లలు బాబూ.”

“నెలరోజుల పందిపిల్లలు, బుద్ధి తెలిసి, పాలు మానేశాయి.”

“ఔను. మావా, నవ్వకు.”

“నాను నవ్వట్నేదు. దగ్గొచ్చింది.”

“ఏదీ, ఆ తల్లిని కాస్త ఇటు తిప్పండి. అబ్బ, పొదుగు రాయిలా గట్టిపడిపోయింది. ఇదేంటమ్మా, చన్నులన్నిటికీ ఆకుపచ్చగా?”

“మట్టి బాబూ.”

“ఆకుపచ్చ మట్టా?”

“ఇక్కడ ఫేక్టరీలెక్కువ గదా. ఏ రంగు మట్టైనా ఉంటాది.”

“వాసన చూస్తే... వేపాకు. అమ్మా, ఇది వేపాకు ముద్ద!”

“వేపాకు ఒంటికి మంచిదంటారు బాబూ.”

“పద్నాలుగు చన్నులకీ వేపాకు నూరి పట్టించారా?”

“పద్నాలుగు కాదు, పన్నెండే. రెండిటికి ముద్ద సాల్నేదు.”

“ఎందుకండీ?!”

“పాలు మానిపించడానికి. మరెలగ మానిపిత్తారు? మా అనూరాధకి అలగే మానిపించేను. రెండో పూటకే మొకం సిట్లించుకుని ఎల్లి అన్నం తిన్నాది.”

“అనూరాధ ఎవరు?”

“మా కూతురు సార్. ఇప్పుడు బీకాం సదువుతాంది. ఒక్క రోజు కడుపునొప్పని అననేదు.”

“పోలిరాజు గారూ, మీరాగండి. అమ్మా, మీ అమ్మాయికి అప్పుడెన్నేళ్ళు?”

“ఏడాదిన్నర.”

“పళ్ళొచ్చేశాయి, పప్పన్నం అలవాటైంది, అవునా? ఇవేమో నెల పిల్లలు. పాలు తప్ప ఇంకోటి ఎరగవు. ఉన్నట్టుండి ఒక పొద్దున్న అమ్మ చేదెక్కిపోయింది. అప్పుడేం చేశాయి?”

“ఏడిసినాయి బాబూ. ఒకటే ఏడుపు. నాను సూడనేకపోనాను. అందుకే తీస్కెల్లి ఆ కొత్త గదిలో ఎట్టేను. సిమెంటు గచ్చు, సుబ్బరంగా కడిగి మరీ ఎట్టేను.”

“అంటే పాలు పోయాయి, తల్లి పోయింది, ఇల్లూ పోయింది. అన్నీ ఒక్కరోజే. పైగా తడిగచ్చు. తిండేం పెట్టారు?”

“రెండ్రోజులు ఏటీ ముట్టనేదు. మూడోనాడు ఆకలికి ఆగనేక, హోటల్ కాడ మిగిలింది తెత్తే తొట్లో పడి మెక్కీసినాయి.”

“హోటల్లో ఏం మిగిలిందమ్మా?”

“బిర్యానీ.”

“బిర్యానీ.”

“ముక్కలు నేవు బాబూ. ఉత్త రైసే.”

“అయ్యో తల్లీ... ఇలా చూడండి. టర్కీ తువ్వాలుకి నూగుంటుంది కదా, అలాంటి నూగే వీటి పేగుల్లోపలా ఉంటుంది. తిన్నది ఒంటికి పట్టించేది అదే. పాలు ఠక్కున ఆగి రెండు రోజులు పస్తుంటే ఆ నూగు రాలిపోతుంది. ఆ పైన మీరు అమృతం పెట్టినా అరగదు. లోపలే పులుస్తుంది. పులిస్తే చెడ్డ పురుగు పెరుగుతుంది. అదీ ఈ విరేచనాలు.”

“నూగు రాలిపోనాదా బాబూ? మళ్ళీ మొలవదా?”

“మొలుస్తుంది. ఏడవకండి. ముందు తల్లి పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడగండి, వేప వాసన పోయేదాకా. గట్టిపడిందానికి నేను ఇంజెక్షన్ చేస్తాను. పాలు దిగితే పిల్లల్ని వాటి పాత గదిలోకే తెచ్చి వదలండి. పొడి గోనెసంచులు పరచండి, బల్బు వేలాడదీయండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గంటగంటకీ పెట్టండి. నల్లమూతిదానికి చెమ్చాతో పట్టించండి.”

“పట్టిత్తాను. ఒళ్ళో ఎట్టుకుని పట్టిత్తాను.”

“తల్లి పక్కనుండగానే రోజూ గుప్పెడు దాణా, మెత్తగా తడిపి, నాలుగైదు సార్లు. తినడం నేర్చాక అప్పుడు విడదీయండి. అప్పుడు కూడా పిల్లల్ని కదపొద్దు. తల్లిని పక్క గదిలోకి మార్చండి. వాటి ఇల్లు వాటికుండాలి.”

“ఇంత ఉన్నాదా బాబూ దీంట్లో? నానేదో రెండు పూటల పననుకున్నాను.”

“అనుకోవడం కాదమ్మా. ఈ తెలివి మీకెవరిచ్చారు?”

“ఎవులూ ఇవ్వనేదు.”

“ఎవరో చెప్పే ఉంటారు. పాతకాలం వాళ్ళెవరైనా... మీ అత్తగారా?”

“ఆఁ... ఔను బాబూ. అత్తే.”

“ఏటీ? మా అమ్మా?”

“ఊరుకో మావా.”

“ఏటూరుకునేది? మా అమ్మ పోయి మూడేళ్ళైంది సార్. ఈ పంది ఇంటికొచ్చి ఏడాది కూడా కానేదు.”

“కల్లోకొచ్చి సెప్పింది బాబూ.”

“మా అమ్మ కల్లోకొత్తే నన్ను తిట్టడానికొత్తాది గానీ, పందులకి పాలు మానిపించడానికొత్తాదా? మా అమ్మ దేముడమ్మంటే ఈ రేవంతా దణ్ణమెట్టీది సార్. సచ్చిన మనిసి మీదకి తోసీడమేటే?”

“అమ్మా, అబద్ధం. ఎవరు చెప్పారు?”

“వొదిలీండి బాబూ. తప్పు నాదే.”

“వదిలేస్తే ఆ తెలివితక్కువ మనిషి రేపు ఇంకొకళ్ళ కొంప ముంచుతాడు. వాడికి పందంటే తెలుసా, పేగంటే తెలుసా? నోటికొచ్చింది వాగి పోయాడు. ఇక్కడ మూడు ప్రాణాలు పోయాయి.”

“అలగనకండి బాబూ. కళ్ళు పోతాయి.”

“ఎవరి కళ్ళు? సరే, మీరు చెప్పకపోతే నేను చేసేదేం లేదు. కారణం: సాకినవారి తెలివితక్కువతనం. రాస్తున్నాను.”

“రాసీండి.”

“పంది పోతుందమ్మా.”

“పోతే పోనీండి. అది ఈనినప్పుడు దాని పక్కనే కూకుని, ఒక్కో పిల్లనీ ఈ కొంగుతోనే తుడిసేను. బంగారీ అంటే కడుపుతో ఉండి కూడా లేసొచ్చీది. కాసులమ్మ బాగానే సూత్తాదిలెండి. రాసీండి బాబూ, బేగి రాసీండి.”

“ఆగండి సార్! పెన్ను ఆపండి. ఒలే, నువ్వు నన్ను సంపినా సరే. సార్, మావి సేపల బతుకులు. పందుల సంగతి మాకేటి తెల్సు? అందుకే మా సన్యాసి ఆడోళ్ళ గ్రూపు మీటింగుకెల్లింది. ఆ మీటింగు మాటలన్నీ గ్రూపులో ఉన్న రోజారమణి తన ఫోన్లో పట్టి అందరికీ వాట్సాప్‌లో ఎట్టింది. ఇనండి.”

“మావా, ఒద్దు. మావా, నీకు పున్నెముంటాది...”

“‘అమ్మా, అందరికీ నమస్కారమండి. నా పేరు ఉమాశంకర్, మీ కొత్త పశువుల డాక్టర్ని. వీనింగ్, అదే పాలు మానిపించడం, అనగానే కంగారు పడకండి, అదేం బ్రహ్మవిద్య కాదు. మీరంతా పిల్లల తల్లులే కదా? మీ పిల్లలకి పాలెలా మానిపించారో, వీటికీ అచ్చం అలాగేనండి. నెల నిండగానే మొదలెట్టెయ్యండి. ఇంతకన్నా చెప్పేదేం లేదు. పదండి, భోజనాలు చల్లారిపోతున్నాయి.’”

“ఆపమన్నాను గదా మావా.”

“నాను ఆపనేదు. అదే అయిపోనాది.”

“అది... నేనేనా అమ్మా?”

“మీరే బాబూ. మైకులో మీ గొంతు ఇంకా బాగుంటాది.”

“ఎందుకు చెప్పలేదు నాకు? పొద్దున్నించీ అడుగుతున్నాను!”

“ముందున్న డాక్టరు ఫోనెత్తీవోడు కాదు బాబూ. మీరు పిలిత్తే బండేసుకుని వొచ్చినారు, పేడలో మోకాళ్ళ మీద కూకున్నారు. మీవల్లే సచ్చినాయంటే సిగ్గుపడి మళ్ళీ ఈ గుమ్మం తొక్కరేమోనని బయమేసింది. పంది పోతే ఇంకోటొత్తాది. వొచ్చే డాక్టరు పోతే?”

“ఇదిగోనమ్మా, ఇందాక రాసింది కొట్టేశాను. కారణం: పశువైద్యుడి తప్పుడు సలహా. కింద నా సంతకం. బంగారి ఎక్కడికీ పోదు. సాయంత్రం మళ్ళీ వస్తాను, రేపూ వస్తాను. చాలా?”

“సల్లగా ఉండండి బాబూ. అయితే ఆ కాగితాలు ఇంకో ఇరవైరెండు తెప్పించండి. ఆ రోజు మీటింగులో భోజనాలయ్యాక పందులున్న ఆడోళ్ళం ఇరవైముగ్గురం కలిసే ఎల్లి వేపాకు కోసుకున్నాం.”