త్రిమూర్తులు సార్ స్వెటరు

ఆ స్వెటరు ముట్టకు హిమజా, గా గోడ మొలకే ఉండనీ. రూమ్ నీకు కిరాయికిచ్చిన గని, అదొక్కటి తీయబుద్ధి కాలే నాకు. కూసో జర, బట్టలు తర్వాత ఆరేద్దువు గని. అది త్రిమూర్తులు సార్‌ది. టీవీల వాన ముచ్చట చెప్పేటాయన, గీ రూమ్లనే పదకొండేండ్లున్నడు. కోస్తాయన. పెండ్లి లేదు, పిల్లలు లేరు, ఆయనకు మబ్బులే సుట్టాలు. అందరం ఉరుమంగనే ఇంట్లకు ఉరుకుతం గదా, ఆయన డాబా మీదికి ఉరుకుతుండె. "ఏం మబ్బండీ కొమురెల్లి గారూ! ఆ అంచు చూడండి, ఎలా ఉడుకుతోందో!" అనుకుంట. నేను మందుల కంపెనీల డ్యూటీల ఉన్నా ఫోన్ జేసేది, తూర్పు దిక్కు చూడున్రి అని. మిషన్ వదిలిపెట్టి మబ్బు చూస్తె సూపర్‌వైజర్ ఊకుంటడా? అందుకే సగం సార్లు నేను ఎత్తకపోదును. అలవాటైపోయింది.

గంత పిచ్చి ఎందుకంటవా? ఒకపారి నేనూ అడిగిన. చిన్నప్పుడు వాళ్ళ ఊరి మీదికి ఉప్పెన వచ్చిందట. "రేడియోలో ముందే చెప్పారండీ. మా ఇంట్లో రేడియో ఉంది. బ్యాటరీలు అయిపోయాయి, రేపు కొందాంలే అంది అమ్మ." గంతే చెప్పిండు. తల్లీ చెల్లీ ఇద్దరూ పోయిన్రు. ఇగ తుఫాన్లే చదువుకున్నడు, తుఫాన్ల కొలువే జేసిండు. టీవీల ఆయన ఎనుక ఉత్త పచ్చగుడ్డ ఉంటదట, మ్యాప్ మనకే కనపడ్తదట. మా ఇంటామె సారలమ్మ నవ్వేది, "సార్ గోడకు చేతులూపుతడు, జీతం తీస్కుంటడు" అని. ఆయనా నవ్వేది పాపం.

ఏం చెప్తున్న? ఆఁ, స్వెటరు. టీవీల ఏం చెప్తరు? "అక్కడక్కడ భారీ వర్షాలు." అక్కడక్కడంటే యాడ? మన గల్లీ అండ్ల ఉన్నదా లేదా? వాతావరణం ఆఫీసు నుంచి వచ్చిన కాగితంల ఉన్నదే సార్ చదవాలె, సొంత మాట కలిపితే కొలువు పోతది. మనదేమో నాలా పక్క గల్లీ, వాన దంచితే ఆ మురికి కాల్వ పొంగి ఇండ్లల్లకొస్తది. గందుకని సారే ఉపాయం జేసిండు. "మన నాలా పొంగేంత వాన అనిపిస్తే స్వెటరు వేసుకుని చదువుతానండీ. కనబడగానే పైకెక్కెయ్యండి." ఎండకాలమైనా సరే. ఐదుసార్లు ఏస్కున్నడు, ఐదుసార్లూ నాలా పొంగింది. ఇగ గల్లీ మొత్తం ఆయన మాట వినుడే బంద్ పెట్టింది. స్వెటరున్నదా లేదా, గంతే చూసుడు.

గా యేడు బతుకమ్మ పండుగ. సారలమ్మ పూలు పేరుస్తుంది, నేను తంగేడు కట్టలిప్పుతున్న. ఐదింటి వార్తలల్ల సార్ వచ్చిండు, పట్టు లాల్చీ ఏస్కొని మస్తున్నడు. స్వెటరు లేదు. "ఫికర్ లేదు తియ్యి" అనుకున్నం. ఎవలో బట్టల దుకాణపోళ్ళు పండుగకని అందరికీ అవే తొడిగిచ్చిన్రట. స్వెటరు ఏస్కుంటనని సార్ బతిమిలాడిండట. "పట్టు లాల్చీ మీద స్వెటరేందయ్యా, కనపడొద్దా?" అన్నరట. కెమెరామెన్ మహిపాల్ తర్వాత ఏడ్చుకుంట చెప్పిండు నాకు.

గప్పుడే నా ఫోన్ మోగింది. సార్ పేరు. మబ్బు ముచ్చటనే అనుకున్న బిడ్డా. మళ్ళ మోగింది. మూడోసారి మోగితే పూల కింద పెట్టిన, చప్పుడు రాకుండ. గల్లీల ఆయన కాడ ఉన్న నంబరు నాదొక్కటే.

ఆరున్నరకు వాన ఇరగబడ్డది. ఏడింటికి గల్లీ మొకాన ఒక్కటే కేక. "ఎక్కండీ, పైకెక్కండీ!" చూస్తే సార్. హబ్సిగూడ కాడ రోడ్డు మునిగిందట, స్కూటర్ ఆడనే పడేసి మోకాలి మంటి నీళ్ళల్ల నడిచొచ్చిండు. లాల్చీ మీద గీ స్వెటరు తొడుక్కొని వచ్చిండు. ఎందుకు? కేక ఇనకున్నా, అది చూస్తె ఎక్కుతరని. అందరం ఎక్కినం కూడా. నాలా గోడ పక్క ఆఖరి ఇంట్ల ముసల్ది వెంకటనర్సమ్మ ఉండె. ఆమెను మెట్లెక్కిచ్చి ఎనక్కి మర్రిండు, నాలా గోడ కూలి నీళ్ళు ఆయనను గుంజుకపోయినయ్. మా బతుకమ్మ సుత గదే నీళ్ళల్ల పోయింది. తెల్లారి అంబర్‌పేట్ దిక్కు మూసీల దొరికిండు.

ఇంకొక్క పానం పోలే గల్లీల. అందరు దేవుడంటరు, ఫోటోకు దండ ఏస్తరు. నేనూ ఏస్త. ఏసి ఇంటికొచ్చి అన్నం తినలేను. నేను ఒక్కసారి ఎత్తుంటే ఆయన ఆడనే స్టూడియోల కూసుండి బతికేటోడు. గీ మాట సారలమ్మకు సుత చెప్పలే. ఆమె పోయి రెండేండ్లాయె, తెల్వకుండనే పోయింది. స్వెటరు మూడుసార్లు ఉతికింది, బురద వాసన పోతలేదని. పోతదా...

నీ ఫోన్ మోగుతుంది. ఎవలు, అమ్మనా? తర్వాత జేస్తనంటవేంది? ఎత్తు. నా ముచ్చటేడికి పోదు గని, ముందు ఎత్తు బిడ్డా.