కళ్ళు తడవని పదకొండేళ్ళు

ఈస్టరు ముందు శనివారం పొద్దున. పెరటి మెట్ల మీద మామగారు లూద్విక్, అల్లుడు జెనోన్. ఇద్దరి మధ్యా తురుముపీట, ముల్లంగికి దాయాదే అయినా ఘాటులో దాని తాత లాంటి ఖ్షాన్ దుంప.

"ఆ కళ్ళజోడేంటి అల్లుడూ? ఈతకెళ్తున్నావా?"

"ఘాటుకండీ మామయ్యా."

"పదకొండేళ్ళుగా తురుముతున్నావు. ఎప్పుడూ పెట్టుకోలేదే."

"వయసైపోతోంది కదండీ. కళ్ళు కూడా..."

"సరే, తురుము. మధ్యాహ్నం పండగ బుట్ట దీవెనకి చర్చికి పట్టుకెళ్ళాలి. గుడ్లు, సాసేజీ, రొట్టె, ఉప్పు అన్నీ సర్దేసి మీ అత్త దీనికోసమే చూస్తోంది."

"తురుముతానండి. గాలి కాస్త అటు తిరగనివ్వండి."

"తిరిగే ఉంది."

"తురుముపీట మొద్దుబారిందేమో..."

"నీ చేతికిచ్చినప్పుడు బాగానే ఉంది. మా నాన్న నాకిచ్చిన పీట అది. అమ్మాయిని నీకిచ్చేటప్పుడు కూడా నేనింత ఆలోచించలేదు."

"తెలుసండి. ఆరోజు వీపు తట్టి, ఇక నువ్వీ ఇంటి మనిషివన్నారు."

"అన్నాను. కానియ్."

"...ఓరి నాయనో."

"ఏమైంది?"

"ఏం లేదండి. ముక్కులోకి... ఆ వెనిగర్ పోసేస్తాను."

"ఆగాగు, అప్పుడేనా? ఘాటెక్కేదాకా కాసేపు ఉంచాలి. వెంటనే పోస్తే గడ్డి నమిలినట్టుంటుంది. ఒక్కసారి చేసినవాడికైనా తెలుస్తుంది."

"పోసేశానండి."

"ఊఁ."

"మామయ్యా, ఓ మాట చెప్పాలి. నేనెప్పుడూ తురమలేదు. ఒక్క ఏడు కూడా. కొట్లో తురిమి అమ్మే సీసా కొని, వెనక కొట్టంలో కూర్చుని గిన్నెలోకి మార్చి, గంట ఆగి, కళ్ళు నులుముకుంటూ వచ్చేవాణ్ణి. ఆ నులుముకోవడం ఒక్కటే నా సొంత పనితనం."

"మరి ఈ ఏడు?"

"కొట్లో అయిపోయింది. నాలాంటి వీరులు ఊళ్ళో చాలామందే ఉన్నట్టున్నారు."

"ఊఁ."

"తిట్టండి. పీట తీసేసుకోండి. ఇంటి మనిషినని ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగాను. నిజంగా సిగ్గుగా ఉంది."

"నాకు మొదటి ఏడే తెలుసు."

"ఎలాగండీ?"

"నేను తురిమితే పక్కింటివాళ్ళు కూడా కిటికీలు మూసుకునేవాళ్ళు. నీ హయాంలో మన పిల్లి కూడా తుమ్మలేదు."

"మరి ఒక్క మాటా అనలేదే?"

"అందామనే కూర్చున్నా. ఆ ఆదివారం మీ అత్త రెండోసారి వడ్డించుకుంది. నలభై ఏళ్ళు నేను చేసింది మాత్రం కత్తి కొసన తీసుకునేది, అదీ నా మొహం చూసి. ఇక నోరు విప్పితే పోయేది ఎవరి పరువంటావు?"

"ఇప్పుడేం చేద్దామండీ? ఈ గడ్డి నోట పెట్టిందంటే అత్తయ్య పట్టేస్తుంది."

"నా మంచం కింద చలికాలం బూట్లున్నాయి. ఎడమదాన్లో చెయ్యి పెట్టు."

"ఏముందండీ అందులో?"

"సీసా. నీకెప్పుడైనా దొరకదేమోనని ఆ ఏటినుంచీ ఏటా ఒకటి కొని దాస్తున్నా."