గుండీలక్కకు రాని దగ్గు

అక్కలారా, అన్నలారా, పిల్లల్లారా. దూరం దూరంగా వేసిన కుర్చీల్లో, ముఖాలు సగం కప్పుకుని అయినా మీరంతా వచ్చారు. రావడానికి భయపడే ఉంటారు. నేనూ భయపడ్డాను. అయినా గుండీలక్క సంతాప సభకు రాకుండా ఎలా ఉంటాం?

ఆమె బట్టల కర్మాగారంలో ఏళ్ల తరబడి చొక్కాలకు గుండీలు కుట్టిన మనిషి. నాకు పరిచయమైంది మాత్రం క్యాన్సర్ వార్డులో. ఇద్దరికీ రొమ్ములోనే జబ్బు, ఇద్దరికీ ఒకే రోజు మందు ఎక్కించేవారు. మహమ్మారి మొదలయ్యాక తోడు వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. ఆ మొదటి రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒంటరిగా వాంతి చేసుకుంటుంటే, ఆమె తన సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చి నా వీపు నిమిరింది. దూరంగా ఉండమని నర్సు కేకలేసింది. "ఈ పిల్ల ప్రాణం కుదుటపడగానే ఉంటానమ్మా" అంది గుండీలక్క. వెళ్తూ వెళ్తూ, నా ఆసుపత్రి చొక్కాకు గుండీ ఊడి వేలాడుతోందని నన్నే మందలించింది. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

అలాంటి మనిషికి భయమేమిటి అనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

కూరగాయలు సబ్బునీళ్లలో కడిగి, సబ్బు పోలేదేమోనని మళ్లీ కడిగేదట. మనవణ్ణి కిటికీలోంచే చూసేది. వార్డులో ఎవరో ఆ జ్వరం సోకి పోయారని తెలిశాక ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఒకరోజు ఫోన్ చేసి, కిసుక్కున నవ్వుతూ చెప్పింది: "ఆసుపత్రివాళ్లకు దగ్గొస్తోందని చెప్పానే. అంతే, వాళ్లే రావద్దన్నారు." ఆమెకు దగ్గు లేదు. నేనూ నవ్వాను. తర్వాత వాళ్లు పిలిచినప్పుడూ అదే మాట. ఆ తర్వాత వాళ్లూ పిలవడం మానేశారు. జబ్బు మాత్రం ఆగలేదు. మళ్లీ వెళ్లేసరికి ఊపిరితిత్తుల దాకా పాకింది.

ఇందాక పెద్దలు మాట్లాడుతూ, ఆసుపత్రిలో తన వంతు ఇతరులకు వదిలేసిన త్యాగమూర్తి అన్నారు. పెద్దలు క్షమించాలి. ఆమె భయపడి వదిలేసింది. వట్టి భయం. అది ఆమె తప్పా? తల్లి దగ్గరికి కొడుకును రానివ్వని రోజుల్లో, తోడు లేకుండా వెళ్లి ఆ గదిలో కూర్చోమంటే ఎవరు భయపడరు? ఆమెను దేవతను చేసేస్తే ఆ భయం గురించి ఇక ఎవరూ మాట్లాడరు. అది ఇంకొకరిని పట్టుకుంటుంది.

పట్టుకుంది కూడా. రేపు పొద్దున నాకు స్కానింగు. చంకలో గట్టిగా ఏదో చేతికి తగులుతోంది. నిన్న ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తే దగ్గొస్తోందని చెప్పాను. నాకు దగ్గు లేదు. మా ఆయన ఆ వెనక వరసలో ఉన్నారు. ఆయనా ఈ మాట ఇప్పుడే వింటున్నారు.

ఏమండీ, నన్ను ఏమీ అనకండి. ఆసుపత్రికి ఫోన్ చేసి, నేను వస్తున్నానని చెప్పండి. రాత్రికి నేను మళ్లీ మాట మారుస్తాను. నమ్మకండి.

ఇక అందరం లేచి నిలబడదాం. నిలబడలేనివాళ్లు కూర్చునే ఉండండి. కాసేపు ఎవరమూ మాట్లాడకుండా గుండీలక్కను తలుచుకుందాం. ఎవరైనా వచ్చి నా పక్కన నిలబడండి.