అద్దం సందు

బనిహాల్ కనుమ దారిలో మంచు కురిసి దారి మూసేశారు. ఆపిల్ పెట్టెల లారీలో ఇర్షాద్ ఇరుక్కుపోయాడు. షోపియాన్‌లో అతని తల్లి హాజ్రా ఫోను చెవికి అంటించుకుని కూర్చుంది.

"చెప్పరా, చక్రాలకి గొలుసులు కట్టారా లేదా?"

"కట్టామమ్మా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"మరి పైన కొండ? మంచు పెళ్ళలు జారితే?"

"ముందంతా లారీలే. జారితే మొదట వాళ్ళ మీద పడుతుందిలే."

"నోరు ముయ్యి! అలాంటి మాటలు అనకు. బండి వెనక్కి జారకుండా..."

"రాళ్ళు పెట్టాం. రాళ్ళు కూడా పెట్టాం. ఇంకేం?"

"ఆ గొంతేంట్రా, మత్తుగా ఉంది? తాగావా?"

"తాగడమా! ఇక్కడ ఉప్పు టీకే దిక్కు లేదు. తల బరువుగా ఉంది, అంతే. కడుపులో తిప్పుతోంది."

"చలి కొట్టింది. నే చెప్పలా? కాంగ్రీ కుంపటి ఫేరన్ అంగీ లోపలే పెట్టుకో. బొగ్గులు దండిగా వేసుకో."

"రెండు కుంపట్లూ రాజేశాం. నువ్విచ్చిన బొగ్గుల సంచి సగమైంది. లోపల వెచ్చగానే ఉంది."

"అద్దాలో?"

"బిగించేశాం. సందులో నీ శాలువా కుక్కి ఉంది. గాలి చొరబడదు, సరేనా?"

"సరే... సరే నాయనా. రంజాన్ కాకాకి ఫోనివ్వు. పెద్ద డ్రైవరు, ఆయనతో ఓ మాట చెప్తే నాకు నిమ్మళం."

"పడుకున్నాడు."

"పట్టపగలా?"

"పొద్దున ఒరిగినవాడు లేవలా. అన్నానికి పిలిచినా లేవలా. ఇవాళ గుర్రు కూడా పెట్టట్లేదు ముసలాడు."

"...ఇర్షాద్."

"ఊఁ."

"తలుపు తెరువు."

"చలిగా ఉందమ్మా..."

"తెరవరా! ఆ నిప్పు బయట పారెయ్! నీ తల బరువు చలికి కాదురా, బొగ్గుల విషగాలికి! దూకు కిందికి!"

"ఉండు... పిడి... ఆఁ, వచ్చింది. అబ్బా, మంచు!"

"ఊపిరి పీల్చు. గట్టిగా. పీల్చావా? కాకాని బయటికి లాగు. పక్క బండి వాళ్ళని కేకెయ్యి."

"కాకా! ఓ కాకా! లే... అమ్మా, కాకా చెయ్యి..."

"చెయ్యేమైంది?"

"బిగుసుకుపోయింది."

"యా అల్లా! ఇన్నేళ్ళు ఈ దారిన బండి తోలాడే! కుంపటి పెట్టుకుంటే అద్దం కాస్త దించి ఉంచాలని ఆయనకైనా తెలీదా?"

"తెలుసమ్మా. రెండు వేళ్ళ సందు దించే పెట్టాడు. పొద్దున నువ్వు, చలికి చచ్చిపోతార్రా అని ఫోన్లో ఏడుస్తుంటే విని... తనే అద్దం ఎక్కించి, నీ శాలువా కుక్కాడు."