ముక్కుగారి లక్సా

ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో పొయ్యి దగ్గర ఆయన. గుమ్మం బయట, తువ్వాలు ముక్కుకి అదిమిపట్టుకుని ఆవిడ.

"మూత పెట్టండి! ముందు ఆ సీసాకి మూత పెట్టండి, తర్వాత మాట్లాడదాం."

"ఇంకో చెంచా వేసి పెడతాను."

"ఇంకోటా? ఇప్పటికే మూడు వేశారు. రొయ్యల ముద్ద ఒక్క చెంచా చాలని సీసా మీదే రాసుంది, నేను చదివాను."

"వాళ్ళు భయపడి అలా రాస్తారు. అప్పట్లో నేను రోజూ తిన్న బండి దగ్గర ముసలమ్మ గరిటెతో వేసేది."

"ఆ మహాతల్లి రోడ్డు మీద వండుకుంది. నా వంటింట్లో కాదు. ఛీ, ఛీ, ఛీ!"

"ఎలా ఉంది?"

"ఏమిటి ఎలా ఉంది?"

"కంపు. ఎలాంటి కంపు?"

"కంపులో రకాలు కూడానా? చచ్చిన ఎలకని తడి సాక్సులో పెట్టి, వారం రోజులు మంచం కింద దాచినట్టుంది. చాలా?"

"ఎలకేనా? చేపలా లేదూ?"

"చేప ఉంది. చేప వెనక ఎలక ఉంది. ఎలక వెనక సాక్సు. మీకు హాస్యంగా ఉందా?"

"లేదు, చెప్పు. చివర్లో కొంచెం తియ్యగా తగలాలి. తగిలిందా?"

"చివరిదాకా వెళ్ళే ఓపిక నాకు లేదు. మొదట్లోనే వాంతొస్తోంది. పదకొండేళ్ళండీ! పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో వాసన సబ్బు లేదు, పౌడరు లేదు, ఫినాయిలు లేదు. ఉల్లిపాయ కోస్తే నేరం, వెల్లుల్లి కోస్తే హత్య. ఎందుకూ? అయ్యగారు టీ కంపెనీలో రుచి చూస్తారు. అయ్యగారి ముక్కు కందిపోకూడదు."

"కందిపోతుందని అనలేదు. పనికి అడ్డొస్తుందన్నాను."

"మా అక్క కూతురు తలకి వాసన నూనె రాసుకొచ్చిందని గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. ఇప్పుడా ముక్కే ఈ పెంట మీద వంగి కూచుంది!"

"నిలబడ్డాను."

"ఏడిశారు!"

"అమ్మాయ్! కింద వాటా నుంచి వస్తున్నా, తలుపు తీసే ఉంటే వచ్చేశాను. మీ ఇంట్లో గానీ డ్రైనేజీ పైపు పగిలిందా?"

"రండి పిన్నిగారూ. పైపు కాదు. మా ఆయన వంట చేస్తున్నారు."

"వంటా? మేం కింద అందరం అన్నం దగ్గర్నుంచి లేచి మెట్ల మీదికొచ్చేశాం. మీ బాబాయిగారు ప్లంబరుకి ఫోను కూడా చేశారు."

"నమస్కారం పిన్నిగారూ. దీన్ని లక్సా అంటారు. కొబ్బరిపాలల్లో నూడుల్స్. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను రెండేళ్ళు ఇది వండే దేశంలో రేవు పక్కన టీ గోడౌన్లో వేశారు. గేటు బయటే ముసలమ్మ బండి. మొదటి రోజు ఆ వాసనకే కక్కుకున్నాను. పది రోజులయ్యేసరికి సాయంత్రం అది తినందే ఇంటికెళ్ళేవాణ్ణి కాదు."

"ఆ మొదటి రోజు దగ్గరే ఆగాల్సింది బాబూ."

"మీకెలా ఉంది, వాసన? ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఉన్నదున్నట్టు చెబితే బావుండదు."

"ఫర్వాలేదు, చెప్పండి."

"మా మామగారి కాలికి పుండు లేచినప్పుడు, కట్టు విప్పితే వచ్చేది."

"విప్పగానే వచ్చేదా, కాసేపయ్యాకా?"

"అమ్మాయ్, నేను వెళ్తానే. ఈయనకి జ్వరం పూర్తిగా తగ్గినట్టు లేదు."

"తగ్గి పది రోజులైంది పిన్నిగారూ. రేపట్నుంచి డ్యూటీ. కొత్త ఆకు వచ్చింది, కొనేవాళ్ళని ఎదురుగా కూచోబెట్టుకుని నలభై కప్పులు చూడాలి. ఆఫీసులో ఈయన్ని ముక్కుగారు అంటారు. ముక్కుగారు వచ్చి ఊ అంటే గానీ పెట్టెలకి సీలు వెయ్యనని మేనేజరు భీష్మించుకు కూచున్నాడు."

"నలభై కప్పులూ ఈయనే తాగాలా?"

"తాగరు. చెంచాతో సర్రున జుర్రి, నోట్లో తిప్పి, ఉమ్మేస్తారు. ఏ కొండ మీది ఆకో, ఏ లారీలో తడిసిందో చెప్పేస్తారు. ఆ ముక్కే మా అన్నం."

"మరి ఇవాళ ఈ ఘోరం పీల్చి రేపు అవన్నీ ఎలా చెబుతాడమ్మా? సరే, ప్లంబరుని వద్దనాలి, వెళ్తాను. కిటికీలు తెరవండి. కాదు కాదు, మూసెయ్యండి. మా వైపువి మాత్రం మూసెయ్యండి."

"చూశారా? పరువు ప్లంబరు దాకా వెళ్ళింది."

"నువ్వు ఎలక అన్నావు. ఆవిడ పుండు అంది. రెండూ కలవడం లేదు."

"కలవడానికి పెళ్ళి సంబంధమా? రెండూ కుళ్ళేగా!"

"కుళ్ళులో తేడా ఉంటుంది. రా, ఒక్క చెంచా రుచి చూసి చెప్పు."

"చచ్చినా చూడను."

"ఒక్కటంటే ఒక్కటి. ఇంకెప్పుడూ అడగను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఇలా ఇవ్వండి... థూ! థూ! థూ! నీళ్ళు! నీళ్ళివ్వండి!"

"ఏం తగిలింది? మింగేముందు చెప్పు."

"మింగితేగా! సముద్రం కుళ్ళి నా నాలిక మీద చచ్చింది. అబ్బా, పళ్ళ సందుల్లోకి దూరింది. మీరు తినండి, మీరు తినండి చూస్తాను."

"తింటున్నాగా."

"అదేమిటలా జుర్రుతున్నారు, ఆఫీసులోలాగా? ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

"ముసలమ్మ చేసినట్టుందా?"

"కారంగా ఉంది. ఉప్పుంది."

"అది నాకూ తెలిసింది. ఆ వాసన వచ్చిందా అని అడుగుతున్నా."

"ఇంకో చెంచా పడాలి."

"పడెయ్యండి. సీసా మొత్తం పడెయ్యండి. నేను బాల్కనీలో కూచుంటాను. అయ్యాక ఆ మూకుడు నాకు కనపడకూడదు, దాన్ని కూడా పారేసి రండి."

"అలాగే."

"అలాగేట! ఏం మనిషో... ఏమండీ!"

"ఊఁ."

"మాడుతోంది!"

"ఏం మాడడం లేదు. కలుపుతూనే ఉన్నాను."

"మాడుతోందండీ, బాల్కనీ దాకా వస్తోంది. నూడుల్స్ కాదు, ఏదో బట్ట... అయ్యో! మీ మోచెయ్యి! పక్క పొయ్యి మీద గుడ్డ అంటుకుంది! నీళ్ళు, నీళ్ళు పొయ్యండి!"

"జరుగు, జరుగు... పోశాను. ఆరిపోయింది."

"చెయ్యి కాలిందా?"

"లేదు. కంగారు పడకు."

"మోచేతి పక్కన గుడ్డ తగలబడుతుంటే అలా ఎలా నిలబడ్డారండీ?"

"మూకుట్లోకి చూస్తున్నా కదా, అటు చూడలేదు."

"చూడ్డం దేనికి? నాలుగిళ్ళ అవతల పాలు మాడితే, నిద్రలోంచి లేచి చెప్పే మనిషి మీరు."

"ఈ రొయ్యల కంపులో తెలియలేదు."

"నాకు తెలిసిందిగా! బాల్కనీలో ఉన్నదాన్ని, నాకు తెలిసిందిగా!"

"గాలి అటు వీచిందేమో."

"ఇటు రండి. కళ్ళు మూసుకోండి."

"ఎందుకూ?"

"మూసుకోండి అంటున్నానా? ఆఁ. ఇప్పుడు పీల్చండి. ఏమిటిది?"

"రొయ్యల ముద్ద."

"సరిగ్గా చూసి చెప్పండి."

"చెప్పాగా. సీసా నీ దగ్గరే ఉంది. అబ్బ, తీసెయ్, కంపు కొడుతోంది. చచ్చిన ఎలక."

"కళ్ళు తెరవండి. ఇది నా మణికట్టు. రాసుకున్నది అక్క నా పెళ్ళికిచ్చిన సెంటు. పదకొండేళ్ళు బీరువాలో చీరల కింద దాచాను. మీకు జ్వరం తగ్గిన రోజు, ఏమయితే అదయిందని మూత తీశాను. పది రోజులుగా పూసుకుని మీ పక్కనే తిరుగుతున్నాను, మీ పక్కనే పడుకుంటున్నాను. మీరు ఒక్క మాటా అనలేదు. ఇన్నాళ్ళకి పెళ్ళాం మీద మనసు కరిగిందనుకుని మురిసిపోయాను."

"నాకు తెలీదు."

"అవును, ఎలా తెలుస్తుంది! ఎన్నాళ్ళయింది?"

"జ్వరం వచ్చిన మూడో రోజునే వాసన పోయింది. ముక్కు దిబ్బడ అనుకున్నా. దిబ్బడ వదిలింది, ఇది మాత్రం రాలేదు."

"డాక్టరుకి చెప్పారా?"

"వస్తే వస్తుందన్నాడు. రాకపోతే ఏమిటని నేనడగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందని భయమేసింది."

"అందుకా ఈ దరిద్రమంతా నా నెత్తిన పోశారు?"

"నాకు తెలిసిన వాసనల్లో దీన్ని మించింది లేదు. ఇది తగిలితే మిగిలినవన్నీ వెనకాలే వస్తాయనుకున్నా. నాలుగు చెంచాలు వేశాను. సీసాలో ముక్కు పెట్టి పీల్చాను. కళ్ళు మండాయి గానీ..."

"రేపటి సంగతేమిటి? నలభై కప్పులు!"

"నలభై కప్పుల వేణ్ణీళ్ళు. అబద్ధమాడి సీలు వేయించలేను. రేపు వెళ్ళి మేనేజరుకి నేనే చెప్పేస్తాను."

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఇంత చేసి, ఒక్కసారైనా తగిలిందా?"

"ఒక్కసారి తగిలింది."

"ఎప్పుడు? నాలుగో చెంచాకా?"

"కాదు. చేప వెనక ఎలక, ఎలక వెనక సాక్సు అన్నావు చూడు, అప్పుడు. బండీ, ముసలమ్మా, ఆ ఆవిరీ అన్నీ మొహం మీదికొచ్చాయి. తువ్వాలు తీసి ఇంకొంచెం దగ్గరికి రా. రా, ఇంకోసారి తిట్టు. నువ్వు తిడుతుంటేనే నాకు వాసనొస్తోంది."