ఉమ్మడి వంటిల్లు

1976. ఢిల్లీ నార్త్ ఎవెన్యూలో, రాజ్యాంగ సవరణకు ఓటేయడానికి బయలుదేరుతున్న ఎంపీకి భార్య కాఫీ అందించింది.

"బిల్లు చదివారా?"

"విప్ ఇచ్చాక ఇక చదవడం దేనికి?"

"నేను చదివాను. రాష్ట్రాల చేతిలో ఉన్న చదువులు ఉమ్మడి జాబితాలోకి పోతున్నాయి."

"పోతేనేం? ఉమ్మడి అంటే కేంద్రం, రాష్ట్రం ఇద్దరిదీనూ."

"అత్తయ్యగారితో నాదీ ఉమ్మడి వంటిల్లే. ఏనాడైనా నా మాట మీద కూరలో ఉప్పు పడిందా?"

"ఎదురు ఓటేస్తే టిక్కెట్టు పోతుందే. ఈ ఎమర్జెన్సీ రోజుల్లో జైలు కూడానూ."

"తెలుసు."

"ఇంత తెలిసినదానివి, అమ్మ దగ్గర అన్నేళ్లూ నోరెందుకు మెదపలేదు?"

"మీరు ఒక్కసారైనా నా తరఫున మాట్లాడతారని చూశాను."

"...కారొచ్చినట్టుంది."

"ఇంకా రాలేదండీ. కాఫీ తాగి వెళ్లండి."